పీరియడ్ సినిమాల్లో బట్టలు, సెట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో, సాలిగ్రామంలో ఉంటాను. కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌గా చేరి పదిహేడేళ్లయింది. పాతకాలం కథ అనగానే ఫొటోలు, శిల్పాలు, పుస్తకాలు వెతికిపెట్టే పని నా మీద పడుతుంది. షార్ట్ ఫిల్మ్ తీసే పిల్లలు, కాలేజీ నాటకాల వాళ్ళు, సినిమా చూసొచ్చి రాత్రి పదింటికి "అక్కా, ఆ చీర అప్పట్లో ఉండేదా?" అని ఫోన్ చేసే మా నెల్లూరు చుట్టాలు, అందరూ అడిగేవి దాదాపు అవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గిపోయి ఇక్కడ రాసి పెడుతున్నాను.

పీరియడ్ సినిమా అంటే బట్టలు, సెట్లు నూటికి నూరుపాళ్ళు నిజంగా ఉండాలా?

ఉండవు, ఉండనక్కర్లేదు కూడా. కెమెరా ముందు నిలబెట్టేది కథని, మ్యూజియాన్ని కాదు. నేను చూసేది ఒక్కటే: తెలిసి మార్చారా, తెలియక పప్పులో కాలేశారా? రాణి పాత్ర దూరం నుంచి కూడా కనబడాలని ఎర్రచీర కట్టించడం తెలిసి చేసిన మార్పు. ఆ చీర కుచ్చిళ్ళ దగ్గర పిన్నీసు మెరవడం తప్పు. పిన్నీసు పుట్టింది 1849లో.

పని మొదలుపెట్టే ముందు డైరెక్టర్ని నాలుగు సంగతులు అడుగుతాను. ఏ ఏడాది, ఏ ఊరు, ఎలాంటి ఇల్లు, ఏ పూట? మొదటి రెండింటికి జవాబు వెంటనే వస్తుంది. మూడోదానికి కాస్త నసుగుతారు. నాలుగోదానికి "పూట ఏంటండీ?" అంటారు. పొద్దున పూజ చేసుకునే మనిషి, మధ్యాహ్నం కచేరీకి వెళ్ళే మనిషి, రాత్రి పడుకోబోయే మనిషి ఒకే బట్టల్లో ఉండరు కదా. మన సినిమాల్లో రాజులు నిద్రలో కూడా కిరీటం తీయరు.

మనం "పాతకాలం" అనుకునే రూపం అసలు ఎక్కడి నుంచి వచ్చింది?

అసలు ప్రశ్న ఇదే. మిగతావన్నీ దీని పిల్లలు.

కళ్ళు మూసుకుని ఒక రాజును ఊహించుకోండి. మెరిసే మఖ్‌మల్ అంగీ, భుజాల మీద జరీ, ముత్యాల దండలు, మొనదేలిన చెప్పులు, వెనక బరువైన తెర. ఈ రాజు కాకతీయుడూ కాదు, రాయలవారూ కాదు. స్టేజీ రాజు. పందొమ్మిదో శతాబ్దంలో ఊరూరా తిరిగిన పార్సీ నాటక కంపెనీలు, 1885లో కడప ప్రాంతంలో మొదలైన సురభి లాంటి మన సమాజాలు గ్యాసు లైట్ల కింద మెరవాలని కుట్టించుకున్న బట్టలవి. దేవతల సంగతి రవివర్మ చూసుకున్నాడు. 1894లో ఆయన బొంబాయి దగ్గర రంగుల బొమ్మలు అచ్చేసే లితో ప్రెస్సు పెట్టాక లక్ష్మీ, సరస్వతీ ఆయన కట్టించిన చీరల్లో ఇంటింటి గోడ మీదికి వచ్చేశారు. ఆ తర్వాత ఇక్కడే, కోడంబాకం, వడపళని స్టూడియోల్లో, నాటకాల నుంచి వచ్చిన నటులు, ఆ క్యాలెండర్లు చూసి పెరిగిన ఆర్ట్ డైరెక్టర్లు కలిసి తెలుగు పౌరాణికానికి ఒక రూపం ఇచ్చారు. ఇప్పుడు మాల్ ఉన్న చోటే ఒకప్పుడు వాహినీ ఫ్లోర్లు. మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు.

ఆ రూపం అందమైనదే, నాకూ ఇష్టం. చిక్కు ఎక్కడంటే, శిల్పంలో ఉన్నది ఉన్నట్టు చూపిస్తే జనం "ఇది మన రాజులా లేదే" అంటారు. వాళ్ళ మనసులో కొలబద్ద శిల్పం కాదు, అరవై, డెబ్బై ఏళ్ళ నాటి సినిమా. నిర్మాతలదీ అదే మాట. ఒకసారి మేం సన్నటి తెల్ల పంచె, బంగారు అంచు ఉత్తరీయం, మెడలో ఒకే ఒక్క హారంతో రాజును తయారుచేశాం. ఖర్చు తక్కువ, సాక్ష్యం గట్టిది. నిర్మాతగారు ఫొటో చూసి "ఏంటమ్మా, పేదగా ఉన్నాడు" అన్నారు. సాయంత్రానికి మఖ్‌మల్ వచ్చేసింది.

మనవాళ్ళకు పూర్వం కుట్టిన బట్టలే లేవంటారు. నిజమేనా?

కాదు. కట్టుకునే బట్టలే ఎక్కువ, ఆ మాట నిజం. కానీ సూదీ దారం తెలియని కాలమేమీ కాదది. అజంతా చిత్రాల్లో కుట్టిన అంగీలు వేసుకున్న మనుషులున్నారు. అమరకోశంలో కూర్పాసకం అనే మాట ఉంది, అంటే ఒంటికి తొడుక్కునే రవికలాంటిది. శ్రీనాథుడి పేరుతో ప్రచారంలో ఉన్న ఒక చాటువు మనందరం విన్నదే: కన్నడ రాజ్యలక్ష్మి దయ కోసం కుల్లాయి (టోపీ) పెట్టుకుని, కోక చుట్టుకుని, పెద్ద కూర్పాసం తొడుక్కుని తిరిగానని ఆయన వాపోతాడు. పదిహేనో శతాబ్దపు విజయనగర దర్బారులో డ్రెస్ కోడ్ ఏమిటో మన కవే చెప్పి పెట్టాడు. పైగా దాంట్లో ఫిర్యాదు కూడా ఉంది, అంటే అది తెలుగు కవి మామూలుగా వేసుకునే వేషం కాదన్నమాట. ఒక్క చాటువులో రెండు ప్రాంతాల కాస్ట్యూమ్!

అయితే కృష్ణదేవరాయలు ఎలా ఉండేవారు?

ఈ విషయంలో మనం అదృష్టవంతులం. ఒకటి, తిరుమల గుడిలోకి వెళ్తుంటే ప్రతిమా మండపంలో ఆయన విగ్రహం ఉంది, అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. చేతులు జోడించి, పైన అంగీ లేకుండా, పంచెతో, తలమీద పొడవాటి కుళ్లాయితో ఉంటారు. క్యూలో తోసుకుంటూ వెళ్ళే హడావుడిలో చాలామంది గమనించరు. రెండు, 1520 ప్రాంతంలో హంపీ వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ రాజును దగ్గరగా చూసి రాసుకున్నాడు: బంగారు దారంతో గులాబీలు కుట్టిన తెల్లని బట్టలు, మెడలో చాలా విలువైన వజ్రాల నగ, తలమీద జరీ టోపీ. కాళ్ళకు ఏమీ లేవు.

ఒట్టి కాళ్ళు! అంత సామ్రాజ్యానికి రాజు. సినిమాలో ఆ పాదాలు ఒక్క క్లోజప్‌లో చూపించినా చాలు, సీను ఎక్కడికో వెళ్ళిపోతుంది. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ హీరోగారికి సెట్లో మేకులు గుచ్చుకుంటాయన్నారు. ఆ భయంలోనూ న్యాయం ఉంది, మన సెట్లలో నేల మీద మేకులు నిజంగానే ఉంటాయి.

గుడిలో దండం పెట్టే విగ్రహాన్ని చూసి దర్బారులో కూడా అంగీ లేకుండానే కూర్చునేవాడని అనుకోకూడదు. అందుకే నేను పూట అడిగేది. విజయనగర కాలపు బట్టలు రంగుల్లో చూడాలంటే లేపాక్షి వెళ్ళండి. వీరభద్రాలయం పైకప్పు మీద పదహారో శతాబ్దపు బొమ్మలున్నాయి. మగవాళ్ళ కుళ్లాయిలు, ఆడవాళ్ళ చీరల మీద చారలు, గళ్ళు, పూలు ఎన్ని రకాలో. మా టైలర్ మేస్త్రీని ఒకసారి తీసుకెళ్తే ఆయన మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసి, "అమ్మా, ఇది మొత్తం శాంపిల్ బుక్కే కదా" అన్నారు.

శిల్పాల్లో ఆడవాళ్ళకు పైట ఉండదు. దాన్ని సినిమాలో ఎలా చూపిస్తారు?

చూపించరు, అంతే. అమరావతి పలకల మీద, మహాబలిపురం ఆదివరాహ గుహలో పల్లవ రాజులవని చెప్పే బొమ్మల పక్కన రాణుల్లో, పైభాగం మీద బట్ట కనబడదు. అది శిల్పి పద్ధతా, నిజంగా అలాగే ఉండేవారా అన్నది పండితుల వాదన. మాకు సెన్సారు ఉంది, నటి ఇష్టం అంతకంటే ముఖ్యం. ఇది తెలిసి చేసే మార్పు. కాకపోతే ఆ మార్పుకు జాకెట్టు మీద వెనక ముడులు, కుందన్ లటకన్‌లు, నెట్ చేతులు అక్కర్లేదు. ఒక మెత్తటి నూలు వస్త్రాన్ని రొమ్ము మీదుగా చుట్టి వెనక ముడేస్తే సరిపోతుంది. చూసేవాళ్ళకు ఇబ్బంది ఉండదు, కాలానికీ దగ్గరగా ఉంటుంది.

చీర కింద లంగా, పైన రవిక, పైట భుజం మీదుగా వెనక్కి అనే ఇప్పటి పద్ధతి అంతటా స్థిరపడింది పందొమ్మిదో శతాబ్దం నుంచి. అంతకు ముందు కథ అయితే గోచీకట్టు మంచిది. నేర్పడానికి వడపళనిలో ఇప్పటికీ పెద్దావిడలున్నారు.

పాతకాలం అంటే మట్టిరంగు బట్టలేనా?

ఇది ఈమధ్య పట్టుకున్న జబ్బు. అన్నింటినీ టీ డికాషన్‌లో ముంచేయడం, ఆపైన తెర మొత్తం గోధుమరంగులోకి దించేయడం. మన తాతముత్తాతలు ఏదో దుమ్ములో బతికినట్టు.

మన కోస్తా తీరం ప్రపంచానికి రంగులు అమ్మింది. చిరివేరు నుంచి వచ్చే ఎరుపు, నీలిమందు, కరక్కాయ, పసుపు. నీలిలో ముంచి, పసుపుపచ్చ పట్టిస్తే ఆకుపచ్చ. మచిలీపట్నం అద్దకం గుడ్డలు రెండు మూడు వందల ఏళ్ళ నాటివి ఇంకా మ్యూజియాల్లో ఎర్రగానే ఉన్నాయి. కాబట్టి రంగులు ఉండనివ్వండి. చూసుకోవలసింది ఏ రంగులన్నది. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ అనే కుర్రాడు మలేరియా మందు చేయబోయి ఊదా రంగు కనిపెట్టాడు. రసాయన రంగులు అక్కడి నుంచి మొదలు. అంతకు ముందు కథలో కొట్టొచ్చే వంకాయ రంగు, ఫ్లోరసెంట్ పచ్చ, షాపులో "రాణి కలర్" అని అమ్మే ఆ గులాబీ కనబడితే నాకు పంటి కింద రాయి పడినట్టుంటుంది. కుసుమ పూలతో గులాబీ రంగు వచ్చేది, నిజమే. అది మెత్తటి రంగు, ఎండకు వెలిసిపోతుంది. ఏ రాణీ కూడా 1850ల ముందు మన "రాణి కలర్" కట్టి ఉండదు.

టీ నీళ్ళు వాడండి, పనివాళ్ళ బట్టలకు, పంచె అంచులకు. అరిగిపోయే చోట అరగదీయండి: మోకాలు, పిరుదులు, తువ్వాలు భుజం మీద పడే చోటు. బట్టంతా ఒకేలా మాసిపోదు.

అద్దె షాపులో నూలు అని ఇచ్చింది నిజంగా నూలేనా, ఎలా తెలుస్తుంది?

అనుభవం మీద చెబుతున్నాను. ఒక షాపువాళ్ళు (పేరు వద్దు) నలభై పంచెలు "ప్యూర్ కాటన్" అని రాసి ఇచ్చారు. రాత్రి షూటింగు, కాగడాల సీను. కాగడా నిప్పురవ్వ ఒక జూనియర్ ఆర్టిస్టు ఉత్తరీయం మీద పడింది. నూలైతే కాలుతుంది తప్ప కరగదు. ఇది కరిగి కారింది, చర్మానికి అతుక్కుంది. బొబ్బ చిన్నదే, దేవుడి దయ. ఆ రోజు నుంచి ప్రతి కట్టలోంచి ఒక పోగు లాగి కాల్చి చూడనిదే సెట్లోకి పంపను.

పోగును చిమ్టాతో పట్టుకుని అగ్గిపుల్ల పెట్టండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టర్ కరిగి నల్లటి గట్టి పూసవుతుంది. నూలు, పాలియెస్టర్ కలిపినదైతే బూడిదలో గట్టి నలుసులు తగులుతాయి. కాగడాలు, దీపాలు ఉన్న సీన్లకు ఇది కాలానికి సంబంధించిన గొడవ కాదు, ప్రాణానికి సంబంధించినది.

జరీ కూడా చూసుకోండి. అసలు జరీ వెండితీగె మీద బంగారు పూత. అద్దెకు వచ్చేవి చాలావరకు టెస్టెడ్ జరీ (రాగితీగె మీద పూత వేసినది), లేదంటే ప్లాస్టిక్ మెరుపు దారం. లైటు పడితే ప్లాస్టిక్ తెల్లగా తళుక్కుమంటుంది, అసలుది పచ్చగా, నెమ్మదిగా మెరుస్తుంది. అసలు కొనలేకపోతే మెరుపును బూడిదతో చంపండి.

నగల్లో పెద్ద తప్పులేమిటి?

అమెరికన్ డైమండ్. అది మొన్నటిది. పాత వజ్రాలు ఇప్పటి వాటిలా వందవైపులా మిణుకుమనేవి కావు. గోల్కొండ గనుల రాళ్ళు కూడా చాలావరకు సహజ రూపానికి దగ్గరగా పొదిగేవారు. ఎర్ర రాళ్ళు, ముత్యాలు, పచ్చి బంగారం నమ్మకమైన దారి.

ముక్కుపుడక గురించి ఆడవాళ్ళే ఆశ్చర్యపోతారు. అమరావతి శిల్పాల్లో మెడ నిండా, చేతుల నిండా, కాళ్ళ నిండా నగలే, ముక్కుకు మాత్రం ఏమీ లేదు. శాతవాహనుల కథలో నాయికకు ముక్కెర పెడితే అది మన ముచ్చటే తప్ప వాళ్ళది కాదు.

మగవాళ్ళ చెవులు. శిల్పాల్లో ప్రతి రాజుకూ, బంటుకూ చెవి కుట్టి, తమ్మె కిందికి సాగి ఉంటుంది. మన హీరోలకు చెవి కన్నమే ఉండదు. క్లిప్పు పెడితే యుద్ధం సీనులో ఎగిరి పడుతుంది.

సెట్లలో ఎక్కువ తప్పులు ఎక్కడ దొర్లుతాయి?

చెట్ల దగ్గర. గోడ, స్తంభం అందరూ చూస్తారు. వెనకాల మొలిచిందాన్ని ఎవరూ చూడరు.

కాకతీయుల సైన్యం వెళ్ళే దారికి అటూ ఇటూ సర్కారు తుమ్మ. అది అమెరికా ఖండం నుంచి పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. కోట గోడ మీద కాగితప్పూల తీగ, అదీ దక్షిణ అమెరికాదే. అంతఃపురంలో దేవగన్నేరు, స్వయంవరానికి బంతిపూల తోరణాలు, చెరువు నిండా గుర్రపుడెక్క, పొలం గట్టున వయ్యారిభామ, దూరంగా యూకలిప్టస్. ఒక్కటీ అప్పటిది కాదు. మరి ఏం పెట్టాలి? మల్లె, తామర, మొగలి, సంపెంగ, మర్రి, రావి, తాడి, వేప. కొరతేముంది?

తెలుగులో ఒక తేలిక గుర్తుంది. పేరుకు ముందు "సీమ" ఉంటే అనుమానించండి. సీమతుమ్మ, సీమచింత, ఇవన్నీ ఓడెక్కి వచ్చినవే.

వంటల్లో మిరపకాయ. పోర్చుగీసులు 1498లో మన తీరానికి వచ్చాకే దాని కథ మొదలు. రుద్రమదేవి వంటశాలలో ఎండుమిరపకాయలు ఆరబోయకూడదు, మిరియాలు దంచాలి. పేరులోనే ఉంది చూడండి, మిరియంలా ఉంది కాబట్టే మిరప. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, బొప్పాయి, జామ, జీడిమామిడి అన్నీ ఆ బాపతే. గుంటూరు వాళ్ళకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా మీద కోప్పడతారు.

ఇంటి కప్పులు ఇంకొకటి. బొబ్బిలి యుద్ధం 1757లో. మంగుళూరు పెంకుల మొదటి ఫ్యాక్టరీ 1865లో. మధ్య నూరేళ్ళ పైమాటే. తాటాకు వేయండి, లేదా కుమ్మరి సారె మీద చేసిన నాటు పెంకులు. ముత్తుకాడు దగ్గర దక్షిణచిత్రకు వెళ్తే మన కోస్తా చుట్టిల్లు నిలబెట్టి ఉంచారు, లోపలికి వెళ్ళి కప్పు ఎలా కట్టారో చూడొచ్చు.

వంటింటి సీనుకు ఇత్తడి గిన్నెలు పెట్టేస్తే చాలదా?

నేనూ అలాగే అనుకున్నాను. స్టీలు గిన్నెలు తీసేసి, ఇత్తడివి చింతపండుతో తోమించి, బంగారంలా మెరిపించి పెట్టాను. 1940ల నాటి మైలాపూరు తెలుగువాళ్ళ ఇల్లు. సీనులో పప్పుచారు పొయ్యి మీద ఉండాలి. వెనకాల కూర్చోవడానికి వచ్చిన ఒక జూనియర్ ఆర్టిస్టు, డెబ్బై ఏళ్ళ పెద్దావిడ, గిన్నెలోకి తొంగి చూసి, "ఏమ్మాయ్, దీంట్లో కళాయి ఏదీ? చింతపండు పులుసు కాస్తే చిలుమెక్కదూ? అందర్నీ చంపేస్తావా ఏంటి?" అంది.

నిజమే. వండే ఇత్తడి గిన్నెకు లోపల తగరం పూత ఉంటుంది. బయట పచ్చగా, లోపల వెండిలా తెల్లగా. కొలిమి, తిత్తి మోసుకుని వీధుల్లో కళాయి పోసేవాళ్ళు తిరిగేవారు. గిన్నె కాల్చి, నవాసారం చల్లి, తగరం కరిగించి, దూదితో తిప్పేవారు. ఆ పొగ వాసన ఆవిడకు గుర్తుంది. నేను పుస్తకాల్లో వెతికితే ఇది దొరికేది కాదు. అంతకంటే ఘోరం, లోపల పచ్చగా మెరిసే గిన్నెను చూసి "అబ్బ, ఎంత అథెంటిక్‌గా ఉంది" అని అందరం మురిసిపోయాం. అప్పటికప్పుడు కళాయి పోసేవాణ్ణి ఎక్కడ తేగలం? లోపల వెండిరంగు కాగితం అతికించి, దాని మీద చారు పోశాం. ఆవిడకు ఆ రోజు రెండు డైలాగులు ఇచ్చారు డైరెక్టరు.

1940ల మద్రాసు చూపించాలి. ఏవి జాగ్రత్త పడాలి?

ముందు పేర్లు. మౌంట్ రోడ్డు అనాలి, అణ్ణా సాలై కాదు. తమిళనాడు కాదు, మద్రాసు ప్రెసిడెన్సీ. ఊరి పేరు చెన్నైగా మారింది 1996లో.

సెంట్రల్ స్టేషను, హైకోర్టు, రిప్పన్ బిల్డింగ్ అప్పటికే ఉన్నాయి. ఎల్ఐసీ మేడ లేదు, అది 1959. ట్రాములు ఉండేవి, 1953 దాకా నడిచాయి. పట్టాలు, పైన తీగలు లేకుండా అప్పటి మౌంట్ రోడ్డు చూపిస్తే సగం ఊరు చెరిపేసినట్టే. అంబాసిడర్ కార్లు వద్దు, అవి 1950ల చివర్లో వచ్చాయి. పుదుపేటలో పాత బండ్ల విడిభాగాలు దొరుకుతాయి, కానీ బండి నడిచి తీరాలని పట్టుబట్టకండి. నలుగురు వెనక నుంచి తోస్తే కెమెరాకు తెలియదు.

డబ్బు. దశాంశ పద్ధతి వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకు ముందు రూపాయికి పదహారు అణాలు. కాణీ, అణా, బేడ, పావలా. 1944లో ఎవరైనా "యాభై పైసలివ్వు" అంటే డైలాగు రైటరును పిలవండి.

జెండా మీద అశోకచక్రం 1947 జూలై 22 తర్వాతే. అంతకు ముందు ఊరేగింపుల్లో రాట్నం ఉన్న జెండా. 1921లో బెజవాడ కాంగ్రెసులో పింగళి వెంకయ్య ఇచ్చింది ఇంకా వేరు. చేతికి హెచ్ఎంటీ వాచీ వద్దు, 1961 దాకా లేదు. బావి దగ్గర ప్లాస్టిక్ బిందెలు వద్దు. బాల్ పెన్ను వద్దు.

1942 ఏప్రిల్లో జపాను వాళ్ళు వస్తున్నారని ఊరు సగం ఖాళీ అయిపోయింది. ఆ నెలలో కథ పెట్టుకుంటే జూనియర్ ఆర్టిస్టుల ఖర్చు మిగులుతుందని ఒక నిర్మాతకు సరదాగా చెప్పాను. ఆయన సీరియస్‌గా నోట్ చేసుకున్నారు.

బట్టలకు మంచి ఆధారం అప్పటి పత్రికలు. ఆంధ్రపత్రిక, భారతి రెండూ ఇక్కడి నుంచే వచ్చేవి. వ్యాసాలు వదిలేసి ప్రకటనలు చూడండి. సబ్బు, తలనూనె ప్రకటనల్లో ఆడవాళ్ళ జాకెట్టు చేతులు ఎక్కడిదాకా ఉన్నాయి, బుట్ట ఎంత ఉంది, జుట్టు పాపిడి ఎటు తీశారు, అన్నీ కనబడతాయి.

బ్రిటిషు సిపాయిలంటే ఖాకీయేనా?

కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు 1846లో. ఖాకీ సరిగ్గా ఆ రోజుల్లోనే పెషావరు వైపు ఒక్క దళంతో మొదలైంది. రాయలసీమలో ఎర్రకోట్లే. అల్లూరి కాలానికి, అంటే 1922కు, ఖాకీ సరే.

శాసనాలు, తాటాకులు చూపించేటప్పుడు?

కంప్యూటర్లో తెలుగు ఫాంటు కొట్టి థర్మోకోల్ రాయి మీద అతికిస్తారు. మాటల మధ్య ఖాళీ, చివర ఫుల్‌స్టాప్! పాత శాసనాల్లో అక్షరాలు వరసగా కలిసిపోయి ఉంటాయి, అక్షర రూపమే వేరు. కాకతీయుల నాటి లిపిని మనం ఇవాళ తేలిగ్గా చదవలేం. ఎవరికీ అర్థం కాదని భయపడకండి, పాత్ర చదివి వినిపిస్తుంది కదా.

తాటాకు మీద నెమలీకను సిరాలో ముంచి రాయించకండి. మన వైపు ఇనప గంటంతో గీసి, ఆపైన మసి రుద్ది తుడిచేవారు. గంటం ఆకు మీద గీరుకుపోయే చప్పుడు సన్నగా ఉంటుంది. సౌండు వాళ్ళు దాన్ని పట్టుకుంటే బాగుంటుంది.

"ఈ కథ కల్పితం" అని మొదట్లో వేసేస్తే ఇవన్నీ తప్పినట్టేనా?

కోర్టుకు చాలుతుందేమో. మిరపకాయకు చాలదు.

చెన్నైలో ఉండి ఎక్కడికి వెళ్ళి చూడాలి?

ఎగ్మూరు మ్యూజియం, ముందు అక్కడికే. 1851లో పెట్టింది. అమరావతి పలకలు అక్కడున్నాయి, కొన్ని లండన్ వెళ్ళిపోయాయి. ఒక పలక ముందు అరగంట కూర్చోండి. మా మేస్త్రీ అయితే నడుము ముడులు లెక్కపెట్టి, "ఎడమ పక్కన ముడేశాడమ్మా, కొస రెండు మోకాళ్ళ మధ్యకి వదిలాడు" అని అక్కడే తువ్వాలుతో కట్టి చూపించారు. గార్డు వచ్చి ఏంటిది అన్నాడు. తమిళంలో ఏదో చెప్పి తప్పించుకున్నాం. కంచు విగ్రహాల గది వదలొద్దు, వెనకవైపు జుట్టు, నగల కొక్కేలు ఎలా ఉన్నాయో అక్కడే తెలుస్తుంది. రాతి పలకకు వెనకభాగం ఉండదు.

సెయింట్ జార్జి కోట లోపలి మ్యూజియంలో కంపెనీ కాలపు యూనిఫాములు, ఆయుధాలు ఉన్నాయి. తరమణిలో రోజా ముత్తయ్య లైబ్రరీలో పాత పత్రికలు చూడొచ్చు. ఇంకొకటి, మీ అమ్మమ్మ పెట్టె. ఫొటో ఆల్బమ్ ఉంటే దానికి మించింది లేదు.

కాలేజీ నాటకానికి రుద్రమదేవి వేషం కావాలి. మా దగ్గర ఐదు వేలే ఉన్నాయి. ఏం చేయాలి?

సరిపోతుంది. అద్దె షాపుకు వెళ్ళకండి, అక్కడ ఇచ్చేది ఝాన్సీ రాణి వేషం. జార్జిటౌన్‌లో గోడౌన్ స్ట్రీట్‌కి వెళ్ళి కోరా నూలుగుడ్డ తీసుకోండి. నాలుగు గజాలు పంచెలా గోచీపోసి కట్టడానికి, రెండు గజాలు నడుముకు, మూడు గజాలు తలపాగాకు. ఆవిడ మగవేషంలో ఏలింది, యుద్ధం సీనుకు కిరీటం అక్కర్లేదు. నడుముకట్టు ఒక్కటి ఎర్రగా రంగు వేయించండి, మిగతాది తెలుపు ఉండనివ్వండి. పైన పొట్టి చేతుల బిగుతు రవిక, నూలుదే.

నగలకు రామప్ప గుడి మదనికల (నాట్యకత్తెల శిల్పాలు) ఫొటోలు చూడండి. 1213లో కట్టిన గుడి, రుద్రమకు ఒక తరం ముందు. మెడలో రెండు పేటలు, దండకడియాలు, చెవులకు గుండ్రటి కమ్మలు చాలు. మార్కో పోలో ఆ ప్రాంతపు సన్నని బట్టను సాలెగూడుతో పోల్చాడు కాబట్టి ఉత్తరీయానికి మాత్రం డబ్బు మిగిల్చి పలచటి మల్లు గుడ్డ కొనండి. కత్తి అట్టముక్కతో చేసినా ఫరవాలేదు, ఒరలోంచి తీయకుండా ఉంటే. చెప్పులు వద్దు.

గుడ్డను రెండుసార్లు ఉతికి, పిండకుండా ఆరేసి, ఇస్త్రీ చేయకుండా తెండి. స్టేజీ ఎక్కే ముందు ఒకరు బుట్ట పట్టుకుని తలుపు దగ్గర నిలబడి అందరి వాచీలు, ఫిట్‌నెస్ బ్యాండులు, కళ్ళజోళ్ళు వసూలు చేయాలి. సైనికుల వేషాలు వేసే అబ్బాయిల మణికట్టు మరోసారి చూడండి, వాచీ తీసినా దాని తెల్లటి గుర్తు మిగులుతుంది. కడియం పెట్టి కప్పేయండి.